రిజిస్టరులో తప్పు

మాచర్ల,
12-8-1986.

హెడ్‌మిస్ట్రెస్ గారికి నమస్కారములు.

చదువు కష్టమైన పిల్లల కోసం మీరు నడిపే హాస్టలు బడిలో కోటేశ్వరిని చేర్పించినప్పుడు, నేను మేనమామనని రాయించాను. అది అబద్ధం. నేను ఆమె తండ్రిని. ఇక్కడి బడికి హెడ్మాస్టరునైన నా కూతురికి పదిహేనేళ్లొచ్చినా అక్షరాలు రావని తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేననుకున్నాను.

మొన్న ఆదివారం నన్ను చూడగానే నోటుబుక్కుతో పరుగెత్తుకొచ్చి, "నాన్నా, నా పేరు నేనే రాశా, చూడు" అంది. పక్కనున్న టీచరు, "నాన్న కాదమ్మా, మామయ్య" అని దిద్దారు. కోటేశ్వరి నా మొహంలోకి చూసింది. నేను తల దించి నోటుబుక్కు చూశాను. కాసేపటికి "మామయ్యా" అంది. టీచరు మెచ్చుకున్నారు.

ఆ టీచరు తప్పేమీ లేదు. దయచేసి రిజిస్టరులో మార్చండి. వచ్చే ఆదివారం వస్తాను. ఆమెకు మాత్రం నేనే, మీ అందరి ముందూ, నాన్ననని చెప్పాలి.

ఇట్లు,
కోటేశ్వరి తండ్రి