ఐదో ఇల్లు

6 ఆగస్టు 1988

సెలవు రద్దు. నాదొక్కడిదే కాదు, సముద్రం దాటి వచ్చిన మా శాంతి సేనలో అందరిదీ. హవల్దారు ముక్తసరిగా చెప్పేశాడు – ఓడ లేదు, పో. నెల నుంచి సర్దిపెట్టుకున్న ట్రంకు పెట్టె మంచం కింద నన్ను చూసి నవ్వుతోంది.

ఈ ఏడు పీర్ల పండక్కి ఊళ్ళో ఉండను. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. అమ్మకు ఏమని చెప్పాలి...

8 ఆగస్టు

నిద్ర లేదు. అమ్మ మొక్కే బుర్రలో తిరుగుతోంది.

నాకంటే ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాడు నిలిస్తే పీర్ల పేరే పెడతాను, పెళ్ళయ్యేదాకా ఏటా ఫకీరును చేస్తాను అని మొక్కుకుంది. అందుకే నేను హుసేనప్పను. ఆదోని చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా నాలాంటి హుసేనప్పలు నలుగురు తగులుతారు, ఎవరూ వింతగా చూడరు. ఇక్కడ చూస్తారు. "హుసేన్ అంటావు, ఆంజనేయుడి బిళ్ళ వేసుకుంటావు, ఏమిటి నీ సంగతి?" అని హవల్దారు. రంజాన్‌కు మా పక్క మంచం రసూల్‌తో పాటు నన్నూ నమాజుకు పంపాడు. పోయాను. సేమ్యా బాగుంది.

చలికాలంలో పెద్దకడుబూరు రంగమ్మతో పెళ్ళి. అంటే ఫకీరు కావడం ఇదే ఆఖరు. ఈ ఆఖరిది తప్పితే మొక్కు తీరనట్టే. అమ్మ లగ్నం పెట్టనివ్వదు. "ఆ దేవుండ్లు ఇచ్చిన పానం రా నీది, ఎగ్గొడితే యాడికి పోతాము?" – చెవిలో వినబడుతూనే ఉంది. దానికి ఎదురు చెప్పడం నాకు ఇంతవరకూ చేతకాలేదు.

11 ఆగస్టు

పొద్దున పక్క పల్లెలో ఆయుధాల కోసం సోదా. చివరి ఇంట్లో ముసలామె ఒక్కతే ఉంది. అడుగున ఏమైనా దాచిందేమోనని మావాళ్ళు బియ్యం కుండ వాకిట్లో బోర్లించారు. ఏమీ లేదు. బియ్యమే.

మేం గేటు దాటేసరికి ఆమె మట్టిలో కూర్చుని ఏరుకుంటోంది. ఇక్కడి నేల కూడా ఎర్రదే, అచ్చం మా వేరుశనగ చేను లాగా. ఇప్పుడు అమ్మ కలుపు తీస్తూ ఉంటుంది. ఇట్లాగే వంగి.

14 ఆగస్టు

నెలవంక. తాటిచెట్ల మీద రసూల్ చూపించాడు.

ఊళ్ళో చావిడి తలుపులు తెరిచి ఉంటారు. పీర్లను తోమి కొత్త బట్టలు కడతారు. ముందర గుండం తవ్వుతారు. తప్పెట్లు కాచే మంట, ఊదు పొగ, బెల్లం నీళ్ళు... ఇక్కడ కిరోసిను వాసన. ఏడుపొచ్చింది. వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

17 ఆగస్టు

పోయినేడు గుర్తొస్తోంది. మెడలో ఎర్రదారం, ఒంటి మీద చొక్కా లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు, భుజాన జోలె. మిలిటరీ వాడినై ఉండి వీధిలో భిక్ష! ఎమ్మిగనూరు నుంచి వచ్చిన, మగ్గం నేసే మా మామ ఊరుకుంటాడా? "ఏమప్పా ఉసేనప్పా, సర్కారు జీతం సాలకుండా పోయిందా?" అరుగు మీద అందరూ ఒకటే నవ్వు. జవాబు చెప్పకూడదు. అదే మొక్కు. నోరు తెరిచి అడగకూడదు, గడప ముందు జోలె పట్టి నిలబడాలి, పడింది తీసుకోవాలి. ఐదిళ్ళు. ఒక్క ఇంట్లోనన్నా ఆడమనిషి చేత్తో పడాలి. ఐదో పిడికిలి పడ్డాకే బెల్లం వేసి వండాలి.

ఐదో ఇంటికి చుట్టంచూపుగా వచ్చి ఉంది రంగమ్మ. తల ఎత్తకుండా జొన్నలు పోసింది. రెండు దోసిళ్ళు. ఒకటి చాలు. రెండు పోసింది.

20 ఆగస్టు

రసూల్‌కు చెప్పేశాను. వాడిది ఆదోని, వాళ్ళ నాయన పత్తి మిల్లులో పనిచేస్తాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"దానికింత గుబులెందుకప్పా. ఆడ అడుక్కునేది ఈడ అడుక్కో. పీర్లకు సముద్రం అడ్డమా?"

"ఐదిండ్లు యాడుండాయి రా ఈడ?"

"పొయ్యి వెలిగే జాగా ఇల్లే. మన లంగరు వంటింటితో మొదలుపెట్టు. ఫాతెహా నేను సదువుతా."

ప్రాణం లేచొచ్చింది. చచ్చినోడు, ముందే చెప్పి ఉండాల్సింది వీడికి.

24 ఆగస్టు

నాలుగు పడ్డాయి. మా వంటవాడు గరిటెతో బియ్యం పోసి "తిండి సరిపోవడం లేదా?" అని కసిరాడు. పక్క పోస్టు వంటవాడు పప్పు. రోడ్డు మీద టీకొట్టాయన చక్కెర, బేకరీ ఆయన పిండి. ఆ ఇద్దరినీ ముందు రసూల్ ఏదో సైగ చేసి నవ్వించాడు. బాగానే ఉంది అనుకున్నాను. ఇక ఆడమనిషి చెయ్యి ఒక్కటే మిగిలింది.

పల్లెలో మమ్మల్ని చూసి తలుపులన్నీ పడ్డాయి. చివరి ఇల్లు ఒక్కటే తెరిచి ఉంది. ఆ బియ్యం కుండ ఇల్లు. తుపాకి రసూల్‌కు ఇచ్చాను. గేటు దగ్గర బూట్లు విప్పాను. గడప ముందు జోలె పట్టి నిలబడ్డాను. నోరు తెరవలేదు.

ఆమె వచ్చింది. నన్ను చూసింది, జోలె చూసింది. గేటు బయట రసూల్‌ను, వాడి చేతిలో రెండు తుపాకుల్ని చూసింది. చెవి కమ్మలు విప్పి – ఒకటి, రెండు – జోలెలో వేసింది.

మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు, జోలె పట్టి మాట్లాడకుండా నిలబడితే ఏమిటో. ఆమెకు ఎట్లా తెలుస్తుంది? నాకు ఆ ఆలోచనే రాలేదు. మా వీధి అనుకున్నాను, ఆ క్షణంలో.

కమ్మలు గడప మీద పెట్టి వెనక్కి జరిగాను. "అమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటా ఇద్దరికీ తెలుసు. మెడలో కట్టుకున్న ఎర్రదారం చూపించాను, ఆకాశం చూపించాను, బియ్యం కుండ చూపించాను. పిచ్చోడిలాగా. ఆమె అట్లాగే చూస్తూ నిలబడింది. తలుపు వేయలేదు, కమ్మలూ తీసుకోలేదు. బూట్లు చేత్తో పట్టుకుని వచ్చేశాను.

దారిలో రసూల్ ఒక్క మాటే అన్నాడు. "తప్పు నీది గాదు లేప్పా." మరి ఎవరిది?

25 ఆగస్టు

జోలె ట్రంకు మీద ఉంది. వండకూడదు. పీర్లను సాగనంపాక మూడోనాటి జియారత్ రేపు. ఆలోగా పడకపోతే ఇక పడనట్టే.

రసూల్ అంటాడు – మీయమ్మకు పడిందని రాసెయ్, ఎవురు సూసొచ్చినారు? నా చేత కాదు.

26 ఆగస్టు

తెల్లవారుజామున కాపలా నాది. వెలుతురు వచ్చాక చూశాను – కంచె బయట ఇసుక బస్తా మీద కొబ్బరి చిప్ప, పైన బాదమాకు మూత, ఆకు ఎగరకుండా ఒక రాయి. దారిలో ఎవరూ లేరు.

హవల్దారు వచ్చి దూరం నుంచే చూశాడు. కర్రతో ఆకు తీయించాడు. బియ్యం. పిడికిలి కంటే ఎక్కువే ఉన్నాయి, రెండు దోసిళ్ళు ఉంటాయేమో.

"ఎవరు పెట్టారో, ఏం కలిపారో. తీసుకుపోయి గోతిలో పారేయ్. ముట్టావంటే చూడు."

ఆయన చెప్పింది నిజమే. పోయిన నెలే అందరినీ నిలబెట్టి చెప్పారు, పల్లెవాళ్ళు ఇచ్చింది నోట పెట్టొద్దని.

గోతి గట్టున కూర్చుని రాస్తున్నాను. బియ్యంలో అక్కడక్కడా ఎర్రమట్టి రేణువులు. ఎంత ఏరినా పోలేదు పాపం ఆమెకు.

అటు హవల్దారు కేక వేస్తున్నాడు – పారేశావా? ఇటు రసూల్ బెల్లంగడ్డ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చిప్ప నా ఒడిలో ఉంది.