చర్చి వీధి, ముప్పై మూడో ఇల్లు

మార్చి 4, బుధవారం

పొద్దున్నే మా సర్వర్‌లోని టమాటా గుంపులో తిట్లు. పత్తికొండ మార్కెట్లో మచ్చలున్నాయని కాయంతా పక్కన పారబోయించారట. రైతులంతా ఒక వైపు, మండీలో పనిచేసే ఇద్దరు ఒక వైపు. నాలుగు పోస్టులు తీసేశాను. తీసినందుకు నన్ను తిట్టారు. జనం రాసుకోవడానికి సొంత సర్వర్ పెట్టుకోవడమంటే సత్రం నడపడమే, చారులో ఉప్పు తక్కువైనా మనదే తప్పు. కడపలో కూర్చుని నాతోపాటు దీన్ని మోసే ఖాజా మాత్రం నవ్వుతాడు. "కొట్టుకోనీ అక్కా. కొట్టుకుంటాండారంటే మన సర్వర్ బతికుండాదని అర్థం."

ఆ తిట్ల మధ్య ఎవరో పంచుకున్న ఒక పోస్టు. మన సర్వర్‌ది కాదు, మనతో తీగ కలిసిన బయటి సర్వర్‌ది. ఖాతా పేరు "చర్చి వీధి". బొమ్మ లేదు.

"పదమూడో దినము. ఈ సాయంత్రం ప్రార్థన దావీదు ఇంట్లో. గడపకు ఎడమ పక్క రోలు. లోపల అయిదుగురు." ఆ కింద అయిదు పేర్లు.

అయిదో పేరు యాకోబు. టమాటా గుంపులో అందరికన్నా పెద్ద నోరున్న యాకోబు. వెంటనే జవాబు రాశాడు... "ఇది మా ఇల్లు. ఈ ఇల్లు నీళ్లలో ఉండాది."

మార్చి 5

మా ఊరే. ప్రాజెక్టు కింద మునిగిన ఊరు. మావాళ్లు కర్నూలు పక్కన ఈ కాలనీకి వచ్చిన రెండేళ్లకు పుట్టాను నేను. ఆ ఊరిని చూసింది లేదు.

పోస్టు అమ్మకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న చెయ్యి ఆగింది. "శ్రమదినాల ప్రార్థనలు అవి" అంది. ఈస్టరుకు ముందు లెంటు నలభై రోజులూ, ఆదివారం తప్ప, సాయంత్రం ఒక్కో ఇంట్లో కూడుకునేవాళ్లట. చర్చి వీధిలో సరిగ్గా నలభై ఇళ్లు. తూర్పు కొస నుంచి మొదలు.

"దావీదు ఇల్లు అయినాక ఎవురిది మా?"

"సుందరమ్మది. వేపచెట్టు కింద."

ఆరు నలభైకి పోస్టు వచ్చింది. పద్నాలుగో దినము. సుందరమ్మ ఇల్లు. వేపచెట్టు.

మార్చి 6

ఆరు నలభై. వచ్చింది.

మార్చి 9

మంగంపేట గనుల వాళ్లకు వేరే సర్వర్ ఉంది. అక్కడ ముగ్గురాయి లారీ నడిపే ఒకతనూ మా యాకోబూ మూడేళ్లుగా రాజకీయాల మీద ఒకరినొకరు చీల్చి చెండాడుకుంటున్నారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఇవాళ తేలింది, వాళ్ల రెండిళ్లకూ మధ్యలో ఒకే గోడ. లారీ అతను రాశాడు, "మీ అమ్మ ఆ గోడమీంచి మాకు రోట్లో నూరిన ఊరిబిండి ఇచ్చేది గదప్పా." 

చర్చి పాటల గుంపు, గని గుంపు, టమాటా గుంపు. నలభై ఇళ్ల వాళ్లు మూడు చోట్లా చెల్లాచెదురై ఉన్నారు. ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, అందరి ఖాతాలూ నా కళ్ల ముందే ఉన్నా.

సంతోషంగా ఉండాల్సింది. ఎందుకో లేను.

మార్చి 10

ఊళ్లో ప్రార్థనలు నడిపిన ఉపదేశి మనవడెవరో రాస్తున్నాడని అందరూ తేల్చేశారు. ఊరి ఉపదేశి దగ్గర ఒక పుస్తకం ఉండేదట, ఏ ఇంట్లో ఎవరు, ఏ సాయంత్రం ఎవరి ఇంట. అమ్మతో అన్నాను.

"ఆయప్పకు పెండ్లే కాలేదు, మనవడు యాణ్నుంచి వస్తాడు? ఆ పుస్తకం ఆయన పెట్టెలోనే పెట్టి పూడ్సినారు. నేను సూస్తిని."

"పూడ్చింది ఎక్కడ?"

"యాడేంది... ఆ ఊర్లోనే."

ఖాజా ఆ సర్వర్‌ను వెతికి చూశాడు. మొత్తం సర్వర్‌కు ఒకే ఖాతా. అది ఎవరినీ అనుసరించడం లేదు. నిర్వాహకుడి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. రెండు ఉత్తరాలు రాశాడు, జవాబు లేదు.

మార్చి 12

ఇవాళ అమ్మ తనంతట తానే మొదలుపెట్టింది. నాకు ముందు ఒక ఆడపిల్ల అని తెలుసు. మూడేళ్లకు జ్వరంతో పోయిందని తెలుసు. అంతవరకే. ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఎత్తరు.

"ఈస్టరుకు బాప్తీస్మం ఇప్పియ్యాలనుకుంటిమి. అంతలోనే పాయ. రిజిస్టర్లో ఎక్కలేదు. అందురూ పాప, పాప అంటుండ్రి. పేరు మీ నాయనకూ నాకూనే తెలుసు, ఇప్పుడు ఆయనా లేడు."

"ఏం పేరు మా?"

కొంగుతో మొహం తుడుచుకుంది. "మనింటి పొద్దు వచ్చినప్పుడు దాని పేరు రాస్తారేమో సూడల్ల. రాస్తే అది ఆడ ఉండాదని. రాయకపోతే లేదని."

ఊరు ఖాళీ చేసినప్పుడు సమాధులు ఎవరివీ తీసుకురాలేదు. ఈడ్చుకొచ్చింది దూలాలు, తలుపులు, పశువులు.

మాది ముప్పై మూడో ఇల్లు. క్యాలెండర్ మీద లెక్కపెట్టాను, ఇరవై ఏడు, శుక్రవారం. అక్కడ గుర్తు పెట్టబోయి పెట్టలేదు.

మార్చి 14

వచ్చింది. ఈ ఇంట్లో తొమ్మిదిమంది. మేకపిల్లను కూడా లెక్కలో రాశారు.

మార్చి 18

టమాటా గుంపులో యాకోబు ఖాతా నుంచి అతని భార్య... "మా ఆయన నిన్న మద్యాన్నం పోయినోడు ఇంకా రాలేదు. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి."

రైతులు, మండీ వాళ్లు, గని వాళ్లు, అంతా వెతకడంలో పడ్డారు. పదకొండుకు కబురు. ప్రాజెక్టు నీళ్లు వెనక్కి పోయిన చోట, మోకాలి లోతు బురదలో కూర్చుని ఉన్నాడట. చేపలు పట్టేవాళ్లు బయటికి లాగారు. ఇంకో పది అడుగులు వేసుంటే ఊబి.

మార్చి 19

యాకోబు భార్య ఫోన్ చేసింది. ఏడవడం లేదు, దానికే నాకు భయం వేసింది.

"ఏమైందని అడిగితే ప్రార్థనకు పోతి అంటాడక్కా. అందురూ వచ్చినారు అంటాడు. ఇంగేం మాట్లాడడు. ఎదురుగోడ సూసుకుంటా కూసోనుండాడు."

ఖాతా తీసేయమంది. తీసేశాను. మూడేళ్ల తిట్లు ఒక్క నొక్కుతో పోయాయి. ఈ మనిషి నోటికి జడిసిన రోజులున్నాయి, ఇప్పుడు ఒక్క తిట్టు తిడితే చాలనిపిస్తోంది.

తర్వాత ఖాజా ఫోన్. "చర్చి వీధితో తీగ తెంచేద్దాం అక్కా. ఖాతాను గాదు, ఆ సర్వర్ మొత్తాన్నే."

"అమ్మ చూస్తానని కూర్చుంది ఖాజా."

"అమ్మ కోసమే చెప్తాండా."

మార్చి 21

అమ్మ అడిగింది, "నీళ్లు యాడిదాకా దిగినాయంట?"

తెలియదన్నాను.

మార్చి 23

తెల్లచీర ఉతికి గంజి పెట్టింది. ఈస్టరుకా అంటే చీర దులిపి దండెం మీద ఆరేసింది.

మార్చి 24

అమ్మ పక్కింటావిడను నది వైపు పోయే బస్సు ఎన్ని గంటలకని అడిగిందట. పక్కింటావిడే వచ్చి చెప్పింది. గేటుకు తాళం వేసి, పాలవాడొస్తే నేనే తీస్తానని సాకు చెప్పి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. కన్నతల్లిని ఇంట్లో పెట్టి తాళం వేసే కూతురినయ్యాను.  

మార్చి 26

ముప్పై రెండో దినము. మా పక్కిల్లు. "లోపల నలుగురు. గోడ అవతల ఒక బిడ్డ దగ్గుతున్నది."

అమ్మకు ఆ చివరి మాట చదవలేదు.

గదిలోకి పోయి తలుపు వేసుకుని తెంచేశాను. ఆ సర్వర్ నుంచి వచ్చినదంతా ఇక్కడ చెరిగిపోతుంది, తిరిగి రాదు, ఖాయమేనా అని స్క్రీన్ అడిగింది. ఖాయమే అన్నాను. 

బయటికొచ్చి అమ్మతో అన్నాను, వాళ్ల సర్వర్ పడిపోయింది మా, ఇక రావు.

"పోనీలే" అంది. నా మొహంలోకి చూసి అంది.

మార్చి 27, శుక్రవారం

ఆరు నలభై. ఏమీ లేదు. ఆరు నలభై అయిదు. ఏమీ లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

ఆరు యాభైకి ఫోన్. మంగంపేట నుంచి చిన్నమ్మ, అమ్మ చెల్లెలు. నేను తెంచింది మన ఇంటి తీగ మాత్రమే. గనుల వాళ్ల సర్వర్‌లో అన్నీ వస్తూనే ఉంటాయి. పదేళ్లుగా ఇదే పని చేసేదాన్ని, జనాలకు ఇదే గొప్పగా వివరించేదాన్ని, చిన్నమ్మ కొడుకు అక్కడే ఉన్నాడన్న సంగతి ఎట్లా మరిచానో. అమ్మ ఫోన్ అందుకుని స్పీకర్ పెట్టింది. ఆమెకు స్పీకర్ పెట్టడం వచ్చని నాకు తెలియదు.

"మీ ఇల్లు వచ్చిండాది కా. వీడు సదువుతాండాడు. లోపల నలుగురంట. మీ అత్త, బావ, నువ్వు..."

"నాలుగోది సెప్పు."

"తప్పు రాసినారు కా. పాప పేరు రాయల్ల గదా. ఇప్పుడు నీ కాడ ఉండే పిల్ల పేరు రాసినారు. సలోమి అని. ఈ పిల్ల అప్పటికి పుట్టనే లేదు."

నా పేరు.

అమ్మ ఫోన్ పెట్టేసింది.  తర్వాత నా వైపు తిరక్కుండానే చెప్పింది, "తప్పు రాయలేదు. బాప్తీస్మానికని అనుకున్న పేరు. ఎవురూ పిలవకుండానే మిగిలిపాయ. నువ్వు పుట్టినాక నీకు పెట్టినాము."

ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కోపం వస్తోంది. అప్పుడు రాలేదు. బడిలో, కాలేజీలో, జీతం పట్టీ మీద, ఈ సర్వర్ మొదటి పేజీ మీద, అన్నిచోట్లా ఆ పిల్ల పేరే. ఒక్కసారైనా చెప్పి ఉండొచ్చు. చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు.

మార్చి 28

అమ్మ తొమ్మిదింటిదాకా నిద్రపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత. లేచి రెండు సంగటి ముద్దలు తింది. బస్సు మాట లేదు. గేటు తాళం తీసేశాను.

తెంచినదాన్ని మళ్లీ కలిపాను. ఆ పోస్టు నా కళ్లతో నేను చూడాలి. చెరిగింది చెరిగినట్టే ఉంది, తెగి ఉన్నప్పుడు వచ్చింది ఇక్కడికి రానే లేదు. మా ఇంటి పోస్టు ప్రపంచమంతా చదివింది, నేను తప్ప.

ఆరు నలభైకి ముప్పై నాలుగో ఇల్లు రావాలి. రాలేదు. చిన్నమ్మ వాళ్లకూ రాలేదు. ఖాజా చూసి చెప్పాడు, "ఆ సర్వరే లేదక్కా. జవాబే లేదు. కరెంటు పీకినట్లు పోయిండాది." గొంతులో నిశ్చింత.

అమ్మకు చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టింది.

"ఇంగా ఏడిండ్లు ఉండాయే. మనింటికాడ ఎందుకు నిలిసినారు?"

మార్చి 29, మట్టల ఆదివారం

పొద్దున అమ్మతో చర్చికి. ఈతమట్టలు పట్టుకుని పిల్లల వెనకాలే వీధంతా నడిచింది. నవ్వింది కూడా. సాయంత్రం హాల్లో రెండు చాపలు వేసి ఉన్నాయి. ఎవరొస్తున్నారు మా అంటే, "ఊరికేనే" అంది. ఆ గంజి పెట్టిన చీర కట్టుకుంది.

ఆదివారాల్లో వాళ్ల పోస్టు ఎప్పుడూ రాలేదు. అయినా ఆరున్నర నుంచి లాప్‌టాప్ ముందే కూర్చున్నాను.

ఆరు నలభై. పోస్టు కాదు. నా సొంత ఖాతాకు ఒక విన్నపం. "చర్చి వీధి మిమ్మల్ని అనుసరించడానికి అనుమతి కోరుతోంది." కింద రెండు గళ్లు, ఒప్పుకో, వద్దను. ఖాజాకు ఫోన్ చేశాను. మళ్లీ చూశాడు. ఆ సర్వర్ లేదు అక్కా, ఒట్టు, లేదు, అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

నా వేలు ఏ గడి మీదా లేదు. రెండింటి మధ్యలో ఉంది.

హాల్లోంచి అమ్మ పిలుస్తోంది. "సలోమీ... రామ్మా, లోపలికి రా."

నేను లోపలే ఉన్నాను. తలుపు సందులోంచి కనబడుతోంది, అమ్మ మొహం వీధి గడప వైపు ఉంది.

ఆఁ, వస్తున్నా మా, అన్నాను. ఇంకా లేవలేదు.