బతుకమ్మను మేసిన గుర్రం

ఖిలా వరంగల్, 21-10-1961

వెంకట్రాజం అన్నకు చెల్లె సుగుణ దండాలు. అందరం మంచిగనే ఉన్నం, ఫికర్ చెయ్యకు. ఒక్క నా పానమే యాష్టకొచ్చింది. స్టేషన్ కాడ టాంగావాలా వదిలేసిన గుర్రాన్ని మీ బావ తోలుకొచ్చి నా నెత్తిన పెట్టిండు. దానికి రెండు కండ్లు కనవడవు. నా పట్టీల చప్పుడు పట్టుకొని, నేను బావికి పోతే బావికి, వంటింట్లకు పోతే గడప దాంక వస్తది.

సద్దుల నాడు బతుకమ్మల చుట్టూ ఆడుతుంటే తాడు తెంపుకొని వచ్చింది. రెండు చుట్లు నా ఎనుక బుద్ధిగనే తిరిగింది. మూడో చుట్టుకు గునుగు పూల వాసన తగిలి, ఎదురింటి సావిత్రమ్మ బతుకమ్మను సగం మేసింది! పైన పెట్టిన గౌరమ్మ కింద వడ్డది. వాడకట్టంత నన్నే చూసుడు. "దాన్ని అడివిల ఇడిసిరా" అని అత్తమ్మ ఒకటే తిట్టుడు. మీ బావేమో నవ్వుతాండు. నాకు ఒళ్లు మండి పట్టీలు తీసి పెట్టెల పడేసిన.

రెండు రోజులు అది నిలవడ్డ కాడనే నిలవడ్డది. ఉలవలు ముందర పెట్టినా ముట్టలే. ఏం జేస్త, మళ్ల తొడుక్కున్న.

అమ్మను కండ్ల దవాఖానకు తీస్కపోయినవా లేదా? జర జల్ది చూపియ్యి. దీపావళికి నాకు చీర వద్దు. ఈ పట్టీల గజ్జెలు రాలిపోతున్నయి, కొత్తయి తే. నా పెండ్లికి చేసిన మరిపెడ అవుసులాయనతోనే చేయించు. వదినెకు దండాలు, పిల్లలకు దీవెనలు. మోత మాత్రం పాతవాటి లెక్కనే ఉండాలె అన్నా, లేకుంటే ఆ గుడ్డిది నన్ను గుర్తువట్టదు.

సుగుణ