ఏడవ వరాహం

12 జూన్ 2025, గురువారం

షోళింగనల్లూరు పరిశోధనశాలలో ఎథిక్స్ కమిటీ సమావేశం. పందులకు గుండెపోటు కలిగించి, ఆ గుండె క్రమంగా నీరసించే తీరును పరిశీలిస్తారట. బాధ మితిమీరితే వెంటనే చంపాలని ప్రోటోకాల్‌లో ఉన్నది. కమిటీలో బయటి సభ్యుడిగా నేను అభ్యంతరపెట్టాను. భూమిని కోరపై ఎత్తిన మూర్తి ధరించినది ఆ రూపమే; నా అనుమతి లేనిదే ప్రాణం తీయరాదన్నాను. ఆ క్షణాన మీరు దొరకాలి కదా అన్నది ప్రయోగం నడిపే డాక్టర్ రంజని. దొరుకుతానన్నాను. నిబంధన చేరింది. పురసవాక్కంలో ఇల్లు చేరేదాకా నా వాదన నాకే ముచ్చటగా తోచింది.

25 జూన్, బుధవారం

చూడవలసిన బాధ్యత ఉన్నదని వెళ్ళాను. ఏడవ నంబరు, ఆడపంది. మత్తిచ్చి వెల్లకిలా కట్టివేశారు. తొడ రక్తనాళం గుండా గుండెదాకా బెలూన్ పంపి, రక్తం ఆగేలా ఉబ్బించారు. నలభయ్యో నిమిషాన మానిటర్‌పై గీత పిచ్చిగా వణికింది. షాక్ ఇచ్చారు. దేహం బల్లమీద ఎగిరి పడింది. మళ్ళీ ఇచ్చారు. రంజని రెండు చేతులతో రొమ్ము అదిమింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. గుండె కొట్టుకున్నది. అందరూ చప్పట్లు చరిచారు. నేనూ చరిచాను.

3 జూలై

ఏడవది మేత ముట్టడం లేదు. ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నది, ఇవాళే అనుమతిస్తే నయం అని రంజని ఫోన్ చేసింది. నాలుగు రోజులు చూద్దామన్నాను.

6 జూలై, తొలి ఏకాదశి

ఉపవాసం. మౌనం. ఫోను ఆపివేశాను. మనస్సు నిర్మలంగా ఉన్నది.

7 జూలై, ఉదయం 6 గంటలు

ముప్పై ఒక్క మిస్డ్ కాల్స్.

మధ్యాహ్నం

ఊపిరందక నిన్న పగలంతా అది కటకటాలకు తల బాదుకున్నదట. నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇవ్వబోయిన టెక్నీషియన్ వేలు కొరికివేసిందట. నేను చూసేసరికి మూతి చీలి ఉన్నది. నేలపై రెండు పళ్ళు. గోడమీద ఎర్రని నురగ. ఇంకా ప్రాణం ఉన్నది. నిబంధన నాది గనుక ఎవరూ తీయలేదు.

దాన్ని మేపే పచ్చయమ్మ నేల కడుగుతూ, తల ఎత్తకుండానే అన్నది: “నిన్నంతా మీకు ఫోన్ కొట్నాము అయివారే. మీ నోట్లో సామి ఉండాడు. దీని నోట్లో నెత్తురుండాది.”

అనుమతి రాసి ఇచ్చాను. నా దస్తూరి ఎన్నడూ లేనంత చక్కగా కుదిరింది. మందు ఎక్కేదాకా అది నన్నే చూసింది.

నిబంధన తీసివేయమన్నాను. ఉండనివ్వండి, ఫోను మాత్రం ఎత్తండి అన్నది రంజని.

21 జూలై, ఏకాదశి

ఫోను దేవుని పీఠంపై ఉంచాను. పదకొండింటికి మోగింది. తొమ్మిదవ నంబరు.

“చంపండి” అన్నాను.

ఆపైన మౌనం.