ఏమీ మోగనప్పుడు

మార్చి 3
మాస్టారు నన్ను స్టూడియోలోకి రావద్దన్నారు. నా మూడు ట్యూన్లూ విని, వీటికి కిటికీల్లేవమ్మా అన్నారు. పదిహేనో తేదీకల్లా బయటినుంచి మూడు నిమిషాల సంగీతం తేవాలట. తేలేకపోతే కంపోజిషన్ క్లాసు వదిలేసి థియరీ బ్యాచ్‌లో కూర్చోవాలట. సరేనండీ అన్నాను. బయటికి వచ్చాక ఏడ్చాను.

మార్చి 5
రికార్డర్ పట్టుకుని బస్టాండులో నాలుగు గంటలు. రూముకొచ్చి వింటే బస్టాండే వినిపించింది.

మార్చి 6, సాయంత్రం
'అలికిడి' అనే మాట నోట్‌బుక్‌లో ఐదుసార్లు రాసుకున్నాను. చప్పుడు దానంతటదే చెవిలో పడుతుంది. అలికిడికి మనమే చెవి ఒగ్గాలి. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. రూమ్మేట్ ఖాళీ చేసి నెలయింది.

మార్చి 9
అత్తకి వినికిడి పరీక్షల క్లినిక్ ఉంది. రిసెప్షనిస్టు సెలవు పెట్టిందట. నీ ట్యూన్ ఎక్కడికీ పారిపోదు గానీ వచ్చి టోకెన్లు ఇవ్వవే అంది. వెళ్ళాను.

గాజు గదిలో పేషెంటు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటారు. ఇవతలినుంచి అత్త సన్నటి కూతలు పంపుతుంది. వినపడితే బటన్ నొక్కాలి. నొక్కితే అత్త ముందు చిన్న లైటు వెలుగుతుంది.

మధ్యాహ్నం రిటైరైన లారీ డ్రైవర్ ఒకాయన వచ్చారు. ఒక్కరే. అత్త కూత పంపితే లైటు వెలగలేదు. ఊరుకుంటే వెలిగింది. ఇలా పదకొండుసార్లు, ఏమీ మోగనప్పుడు! వెలిగినప్పుడల్లా గడియారం చూసి టైము రాసుకున్నాను, ఎందుకో.

అత్త తల పట్టుకుంది. ఆయన బయటికి రాగానే, పెద్దాయనా, పరీక్ష మీకా నాకా అని చెవి దగ్గర కేకేసింది. ఆయన నవ్వేశారు. అద్దం అవతల నువ్వొక్కదానివే అంత కష్టపడుతున్నావు కదమ్మా, పలక్కుండా కూర్చుంటే ఏం మర్యాద అన్నారు.

అత్త పడీపడీ నవ్వింది. మళ్ళీ పరీక్ష చేసి, చెవి మిషన్‌కి ఆర్డర్ పెట్టింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మార్చి 10
పెద్దాయన పరీక్ష సాగిన పావుగంటని మూడు నిమిషాలకి కుదించాను. లైటు వెలిగిన ఆ పదకొండు చోట్లా కీబోర్డు మీద ఒక్కొక్క స్వరం. మధ్యలో ఏమీ లేదు. నా ట్యూన్‌లో మొదటిసారి ఇంకొక మనిషి ఉన్నారు.

మార్చి 12
ఖాళీలు చూస్తే భయమేసింది. వయొలిన్లతో నింపేశాను. విన్నాను. అన్నీ తీసేశాను.

మార్చి 15
క్లాసులో వినిపించాను. స్పీకర్ పోయిందా, ట్యూనే పోయిందా అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆరో స్వరం వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు. అయిపోయాక మాస్టారు, ఇది ఎవరికోసం ఎదురుచూస్తోందమ్మా అని అడిగారు. మళ్ళీ ఆయనే, చెప్పక్కర్లేదులే, ఈ క్లాసులోనే ఉండు అన్నారు.

రూముకొచ్చి, ఎవరికి చెప్పాలా అని ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూశాను. మళ్ళీ కిందినుంచి పైదాకా చూశాను.

మార్చి 16
మిషన్ వచ్చిందని పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పమంది అత్త. చేశాను. ఎక్కడ మొదలుపెట్టానో తెలియదు. బస్టాండు, వయొలిన్లు, మాస్టారు అడిగిన మాట, అన్నీ చెప్పేశాను. ఆయన ఆఁ అమ్మా, ఆఁ ఆఁ అంటూనే ఉన్నారు. ఒక్క ముక్క కూడా వినపడి ఉండదు. పెట్టేశాక గుర్తొచ్చింది. మిషన్ సంగతి చెప్పనేలేదు.