ఇరుక్కున్న మీట

శీనన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పెళ్ళి ప్రోగ్రాంలో కీబోర్డు వాయించి వస్తూ సాగర్ రోడ్డు మీద బండి ప్రమాదంలో నువ్వు పోయాక, బాపు నీ కీబోర్డును అటకెక్కించాడు. "ఇంట్ల ఇగ ఆ సప్పుడు ఇనబడొద్దు" అన్నాడు.

పగలంతా వెంచర్ ఆఫీసులో కూర్చుని, ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్ల గురించి ఫోన్లో చెబుతుంటాను. ఇంటికొచ్చి కిటికీ తెరిచినా హద్దురాళ్ళే. అందుకే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నువ్వు పడిచచ్చే, ఆకాశంలో తేలుతున్నట్టుండే ఆ పాత స్పేస్ రాక్ ధ్వని కోసం లాప్‌టాప్‌లోని సింథసైజర్‌తో కుస్తీ పడుతున్నాను. ఒకే స్వరాన్ని రెండుగా చేసి, రెండోదాన్ని కాస్త శ్రుతి తప్పించి, ఫిల్టర్‌ను మెల్లగా తెరిస్తే అలలాగే లేస్తుంది. కానీ మరీ శుభ్రంగా ఉంటుంది.

నీ కీబోర్డు వానలో తడిశాక ఒక మీట నొక్కితే మళ్ళీ పైకి లేచేది కాదు, దాని స్వరం మోగుతూనే ఉండేది, గుర్తుందా? "ఆగకుంటె ఆగకపాయె, దానిమీదనే వాయిస్త" అనేవాడివి. ఇవాళ ఆ స్వరాన్నే అడుగున ఆగకుండా మోగేలా పెట్టాను. గది మొత్తం తేలినట్టయింది అన్నా! పట్టలేక లేచేసరికి హెడ్‌ఫోన్ వైరు ఊడి, ఇల్లంతా ఆ మోత.

బాపు గుమ్మంలోకి వచ్చాడు. ఆపబోయాను.

"ఉండనీ" అన్నాడు. కాసేపు విని, "ఆ మీట ఇంకా గట్లనే ఇరుక్కున్నదా బిడ్డా?" అని అడిగాడు.

కీబోర్డు అటక దిగలేదని చెప్పలేకపోయాను.

"అవ్ బాపు."

ఆయన గడప మీదే కూర్చుండిపోయాడు. ఆయన్ని దాటి బయటికి పోలేక, నేనూ ఆ స్వరాన్ని అలాగే మోగనిచ్చాను.