అంచులకు రంగు

డిసెంబరు 22, సోమవారం

మావయ్యా,

ఈ ఉదయం కిటికీ తెర తీయగానే గుండె ఆగినంత పనైంది. నిన్న వాకిట్లో నిలబెట్టిన చెక్క ఏనుగు పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది! కాలికి కట్టుతో మంచం దిగలేని చెల్లికి ఈ సెలవులన్నీ ఆ కిటికీలోనే కదా.

"అక్కా, వానకి ఏనుగు ఉబ్బిందే! జలుబు చేసిందేమో" అని నవ్వబోయి ఏడ్చేసింది.

నువ్వు చెప్పినట్టే అట్ట వద్దని, వానకు ఆగే ప్లైవుడ్ షీటే కొన్నాను. రెండు పూతలు రంగు వేశాను. "అంచులకు రంగు మరవకు" అని రాశావని, చీర అంచులా చుట్టూ ఎర్రటి గీత ఎంత శ్రద్ధగా దిద్దానో! ఊడిన చెవి పట్టుకుని కొట్టుకు పరుగెత్తితే కొట్టాయన పడీపడీ నవ్వాడు.

"అంచంటే రంపం కోసిన పక్కమ్మా! చెక్క నీళ్లు తాగేది అక్కణ్ణుంచే."

తెలిసిన మాటే నన్నింత మోసం చేస్తుందనుకోలేదు మావయ్యా.

ఇంకా బయట నిలబెట్టని జిరాఫీ, ఒంటె బొమ్మలు వసారాలోనే పొడిగా ఉన్నాయి. రేపు పొద్దున్నే చెల్లిని ఎత్తుకెళ్లి వాటి పక్కన కుర్చీలో కూర్చోబెడతాను. కుంచె దాని చేతికే ఇస్తాను. రంపం కోసిన అంచులన్నిటికీ రంగు చెల్లే వేస్తుంది.